అక్షరసమామ్నాయము, మీటల కూర్పు : ప్రాచ్య కళాశాలలకొక విన్నపము

ప్రాచ్య కళాశాలల పరిశోధన పత్రికలో కంప్యూటరు మీటల కూర్పును గూర్చి వ్రాయబూనుట కొందఱు విద్వాంసులకు వింతగా తోపవచ్చును. వ్యాకరణమో, అలంకారశాస్త్రమో, మాతృకాపరిష్కరణమో ఈ పుటలకు తగిన విషయములని నేనును ఎఱుగుదును. అయినను గడచిన కొన్ని సంవత్సరములుగా నా పనికి కలిగిన విఘ్నములలో సగమునకు పైగా శాస్త్రమునకు సంబంధించినవి కావు. అక్షరమును తెరపై సరిగా నిలుపలేకపోవుట వలన కలిగినవి. తోటి అధ్యాపకులలో పెక్కురకు ఇదే బాధ కలదు. కాని అది మన పని కాదని, టైపు చేయువాని పని యని తలచి ఊరకుందురు. ఈ తలపు వలన మనకు కలుగుచున్న నష్టమెంతటిదో చెప్పుటకే ఈ వ్యాసము.

2004 ప్రాంతమున నేనొక వ్యాకరణవ్యాఖ్యానమునకు పదసూచిక సిద్ధము చేసితిని. ఏడెనిమిది సంవత్సరముల శ్రమ. చేతివ్రాత ప్రతిని పట్టణములోని ఒక డీటీపీ దుకాణమున ఇచ్చి అచ్చుకు కూర్పించితిని. ప్రచురణ ఏవో కారణములచే ఆగిపోయెను. దుకాణము మూతపడెను. నా యొద్ద మిగిలినవి ఒక సీడీ, చెదలు తిన్న ప్రూఫు కాగితములు మాత్రమే. పదునాలుగేండ్ల తరువాత ఆ సీడీని తెఱచి చూడగా తెలుగక్షరమొక్కటియు లేదు. ఆంగ్లాక్షరములు, ఆశ్చర్యార్థకములు, ఎన్నడును చూడని గుర్తులు పుటల కొలది బారులు తీరి యుండెను. ఇది భూతలిపి కాబోలునని ఇంటివారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

జరిగినదేమనగా, ఆ కాలపు ఫాంటులలో తెలుగక్షరమునకు తనదైన సంఖ్య లేదు. ఆంగ్లాక్షరమునకు కేటాయించిన గడిలో తెలుగు తలకట్టునో, వత్తునో, గుడినో చిత్రముగా నిలిపెడివారు. ఆ ఫాంటు ఉన్నంత వఱకు అది తెలుగు. ఫాంటు పోయిన నాడు అది అర్థరహితమైన ఆంగ్లము. ఒక ఫాంటు కట్టిన వారి గడుల వరుస మఱియొకరి వరుసతో కలియదు. యూనికోడు ప్రమాణము 1991లో తొలిసారి వెలువడినపుడే అందు తెలుగునకు చోటు కలదు. ఆ సంవత్సరమే మనదేశమున భారతీయ లిపుల సంకేతములకు ఐఎస్ 13194 అను ప్రమాణము వచ్చెను. అనగా నా పదసూచిక అచ్చుకూర్పు నాటికి పదుమూడేండ్ల ముందే మార్గమేర్పడి యున్నది. మనమే దానిని త్రొక్కలేదు. నేటికిని మన పరిశోధన వ్యాసములు ఎన్నో పాత ఫాంటులలోనే కూర్చబడి, అచ్చు కాగానే మూలఫైళ్లు ఎవరికిని పనికిరానివగుచున్నవి.

యూనికోడులో టైపు చేసినంత మాత్రమున దోషము తీఱినదని అనుకొనరాదు. మన పత్రికలలోని సంస్కృతోదాహరణములను ఒకమాఱు కంప్యూటరులో వెదకి చూడుడు. విసర్గకు బదులు ఆంగ్ల విరామచిహ్నమైన రెండు చుక్కలు. అవగ్రహమునకు బదులు ఆంగ్ల ఎస్ అక్షరము. పూర్ణానుస్వారమునకు బదులు అంకెలోని సున్న. శ్లోకాంతమున రెండు దండములకు బదులు పదునొకండు సంఖ్య. కంటికి అన్నియు సరిగానే యుండును. కాని రామశబ్దము ప్రథమైకవచనమున ఎన్ని మాఱులు వచ్చినదో లెక్కింపుమని యంత్రమునడిగిన, విసర్గ కానిదానిని అది విసర్గ యని ఎఱుగదు. కంటికి సమానమై చెవికి భిన్నమైనదానిని మన పాఠశాలలలో గురువు చెంపపెట్టుతో దిద్దెడివాడు. ఇచట దిద్దువారు లేరు. టైపు చేయువాడు అట్లేల చేసెననగా, అతని మీటలపై విసర్గ ఎచటనున్నదో అతనికి తెలియదు. అవగ్రహమైతే అసలే లేదు. కావున ఇది లేఖకుని అజ్ఞానము కంటె మీటల కూర్పులోని కొఱత యని నా అభిప్రాయము.

నా పదసూచికను తిరిగి నేనే టైపు చేయవలసి వచ్చెను. డెబ్బదియొకటవ ఏట మొదలిడితిని. ఇంటిలో మూలపడియున్న ఒక కంప్యూటరు తప్ప వేఱొకటి లేదు. రెండు జీబీల మెమరీ గలది. తెఱచుటకే కాలుగంట పట్టుచుండెను. పాతసామానులవానికి వేయుదమని బయటపెట్టగా, బీచుపల్లి దర్శనమునకు పోవుచు ఇటిక్యాలలో దిగిన పూర్వశిష్యుడొకడు చూచి, "గురువుగారూ, యంత్రం మంచిగనే ఉన్నది. దాని నెత్తిన పెట్టిన బరువే ఎక్కువ" యనెను. తేలికపాటి లినక్సు నొకదానిని పెన్‌డ్రైవు నుండి ఎక్కించి, గంటసేపటిలో లేపి కూర్చుండబెట్టెను. లుబుంటు అని దాని పేరు. 2010లో మొదలై, 2018 నుండి ఎల్‌ఎక్స్‌క్యూటీ అను తేలికైన తెరకూర్పుతో వచ్చుచున్నది. వెల లేదు. అలంకారములు తక్కువ. గద్వాల నేతపనివారు జరీ లేని చీరను నేసినట్లు, ఒడలికి మాత్రము సరిపోవును.

ఈ మాట ప్రాచ్య కళాశాలలకు నేడు మఱింత ముఖ్యము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోయినవి. దాని తరువాతి విండోస్ 11 కనీసము నాలుగు జీబీల మెమరీని, ఒక ప్రత్యేకమైన భద్రతా చిప్పును కోరును. మన కళాశాలల గదులలో గుడ్డ కప్పియున్న యంత్రములలో పెక్కింటికి అవి లేవు. క్రొత్తవి కొనుటకు నిధులు వచ్చు వఱకు వేచియుండుట కంటె, ఉన్నవానిని తేలికపఱచుట మేలు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు స్వతంత్ర సాఫ్టువేరును తెలుగులోనికి తెచ్చుటకు ఏండ్ల తరబడి పాటుపడినవారే. సహాయము కోరదగినవారు లేకపోలేదు.

ఇక అసలు విషయము. ఆ యంత్రమున తెలుగునకు ఒకటికి మించిన మీటల కూర్పులు ముందే యున్నవి. ఇన్‌స్క్రిప్టు ఒకటి, పొరుగున కన్నడదేశమున గణక పరిషత్తు పేరిట వెలసిన కగప కూర్పు ఒకటి, సరళ యనునది మఱియొకటి. శిష్యుడు ఆంగ్లోచ్చారణమును అనుసరించు కూర్పునే నేర్చుకొనుడని చెప్పెను, తొందరగా వచ్చునట. నేను ఇన్‌స్క్రిప్టు పటమును అడిగి తెప్పించుకొని, కాగితముపై గీచి, ఒక రాత్రి దానివైపు చూచుచు కూర్చుంటిని. మఱునాడు వేఱు మాట లేక దానినే ఎంచుకొంటిని. కారణము చెప్పెదను.

1986లో కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు విభాగము భారతీయ లిపులన్నిటికిని ఒకే కూర్పుగా రూపొందించిన ఈ ఇన్‌స్క్రిప్టున కుడిచేతి నడిమి వరుసను చూడుడు. ప, ర, క, త, చ, ట అని వరుసగా నున్నవి. వానికి సరిగా పైవరుసన బ, హ, గ, ద, జ, డ. అనగా రేఫ హకారములను విడిచినచో, క్రింది మీట శ్వాసము, పై మీట నాదము. షిఫ్టు మీటను తోడుచేసిన అల్పప్రాణము మహాప్రాణమగును. క ఖ యగును, గ ఘ యగును. ఒక్క వ్రేలు పైకెక్కిన జశ్త్వసంధి యగుచున్నది! తలకట్టు తీయునట్టి హలంతచిహ్నము ఎడమచేతి నడిమి వ్రేలి క్రింద, మాటిమాటికి తాకుటకు వీలుగా నున్నది.

ఎడమచేతి అచ్చులు ఇంకను ముచ్చటైనవి. నడిమి వరుసన ఇ, ఉ. వానిపై ఈ, ఊ. నడిమి వరుసన ఏ, ఓ. వానిపై ఐ, ఔ. అనగా ఒకచోట హ్రస్వముపై దీర్ఘము, వేఱొకచోట గుణముపై వృద్ధి. ఈ కూర్పును చేసినవారు శిక్షాశాస్త్రమును ఎదుట పెట్టుకొని చేసిరో, వర్ణమాల యొక్క సహజగుణము చేతనే అట్లు వచ్చినదో కాని, స్థానప్రయత్నములు చదివినవానికి దీనిని కంఠస్థము చేయనక్కఱలేదు. నాకు పదునైదు దినములలో వ్రేళ్లకు వచ్చినది. ఆంగ్లోచ్చారణపు కూర్పును నేర్చిన నా శిష్యుడు ళకారమునకు ఏ మీట నొక్కవలెనో ఇప్పటికిని తడవుకొనుచున్నాడు.

దోషము లేదని అనను. హ్రస్వములైన ఎకార ఒకారములు సంస్కృతమున లేవు గనుక, ఉత్తరాది లిపులను ముందు నిలుపుకొని చేసిన ఈ కూర్పున అవి మూలలకు నెట్టబడినవి. ఎకారము క్రింది వరుస చివర, ఒకారము పైవరుసలోని ఎడమ మూలన. తెలుగువానికి 'ఒక' యని వ్రాయుటకు చిటికెనవ్రేలు గడియారపు ముల్లువలె చాపవలెను. సంస్కృతమునకు ఇది బాధింపదు, తెలుగున బాధించును. మన మాటను అడుగక మన ఇంటికి వాకిలి పెట్టినట్లున్నది.

వర్ణక్రమమును అవసరమునుబట్టి మార్చుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. లోకమున అకారాదిగా నున్న వర్ణమాలను పాణినీయులు పదునాలుగు మాహేశ్వరసూత్రములలో వేఱు క్రమమున చదువుదురు. అనునాసికములన్నియు ఒకచోట, నాదమహాప్రాణములు ఒకచోట, నాదాల్పప్రాణములు ఒకచోట. హకారము రెండు చోట్ల వచ్చును. ఎందుకనగా అచ్, హల్, ఝల్, జశ్ మున్నగు ప్రత్యాహారములు కుదురుటకు. బాలురకు చదువు చెప్పుటకు వర్గక్రమము, సూత్రరచనకు ప్రత్యాహారక్రమము. సంఖ్యలను అక్షరములలో దాచుటకు కటపయాది క్రమము వేఱొకటి. ఒకే వర్ణరాశి, పనికి తగిన కూర్పు. వ్రేళ్లతో అక్షరమును గుర్తుంచుకొనుటయు మనకు వింత కాదు. సామగానము చేయువారు బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ల కణుపులను తాకుచు స్వరములను నిలుపుకొందురు. నారదీయశిక్ష దీనినే గాత్రవీణ యని పేర్కొన్నది. చేతిలో స్వరమును నిలిపిన జాతి, మీటపై అక్షరమును నిలుపుటకు సంకోచింపనేల?

ఇన్‌స్క్రిప్టున లేనివానిని చేర్చుకొనుట ఎట్లను ప్రశ్న వచ్చెను. నాకు కావలసినవి అవగ్రహము, దండములు, తైత్తిరీయశాఖకు స్వరితము, దీర్ఘస్వరితము, అనుదాత్తము. తెలుగునకు దంత్యములైన ౘ, ౙ లు. యూనికోడున వీనికి చోటు లేదని పలువురు తలచుచున్నారు. అది నిజము కాదు. తెలుగు అవగ్రహమును, ౘ ౙ లను 2008లో చేర్చిరి. వేదస్వరములకు ప్రత్యేకఖండము 2009లో వచ్చినది. అక్షరముపై నిలుచు చంద్రబిందువు 2014లోను, శాసనములలోని ౚ అను రేఫవిశేషము 2015లోను, ప్రాచీన లేఖనములలోని నకారపొల్లు 2021లోను వచ్చి చేరినవి. వర్ణమున్నది; దానిని పిలుచు మీటయే లేదు.

లినక్సునందలి గొప్ప సౌకర్యము, మీటల కూర్పు ఒక సాధారణమైన పాఠ్యఫైలుగా నుండుట. ఎవడైనను తెఱచి చదువవచ్చును, దిద్దవచ్చును. ఎక్స్‌కెబి యని ఆ ఏర్పాటు పేరు. శిష్యుడు దానిని తెఱచి చూపగా నాకు కలిగిన ఆశ్చర్యమును దాచుకొనలేను. అందు మీటలకు అక్షరముల పేర్లు లేవు. స్థానముల పేర్లు మాత్రమే కలవు. క్రిందినుండి బీ వరుస, సీ వరుస, డీ వరుస. ఆ వరుసలో ఇన్నవది. ఒక్కొక్క స్థానమునకు ఎదుట నాలుగేసి వర్ణములు వ్రాయవచ్చును: ఊరక నొక్కినపుడు ఒకటి, షిఫ్టుతో ఒకటి, కుడి ఆల్టుతో ఒకటి, ఆ రెండిటితో ఒకటి. స్థానము వేఱు, దానికి వచ్చు ఆదేశము వేఱు. స్థానివద్భావము చదివినవానికి ఇంతకంటె తెలియవలసినదేమున్నది?

అంతటితో ఆగలేదు. క్రొత్త కూర్పును వ్రాయువాడు మొత్తము వర్ణమాలను తిరిగి వ్రాయనక్కఱలేదు. ముందొక పంక్తిలో ఉన్న తెలుగు కూర్పును యథాతథముగా గ్రహించుచున్నానని చెప్పి, తరువాత తాను మార్చదలచిన మీటలను మాత్రము వ్రాసిన చాలును. వెనుక వచ్చినది ముందున్నదానిని బాధించును. ఉత్సర్గాపవాదన్యాయము తప్ప ఇది మఱియొకటి కాదు. ఇరువది పంక్తులకు మించని నా ఫైలును చూచి శిష్యుడు ఇంత చిన్నదా యనెను. లాఘవము వైయాకరణునకు పుత్రోత్సవము వంటిదని పెద్దలమాట కలదు కదా యంటిని.

ఇపుడు నా కూర్పును చెప్పెదను. విద్వాంసులు దోషములను చూపవలెను. ఇన్‌స్క్రిప్టున దేనిని కదల్పలేదు. చేర్చినవన్నియు కుడి ఆల్టుతో వచ్చునవే. అవగ్రహమును అకారపు మీటపై నిలిపితిని. లోపించిన అకారమునకు అది గుర్తు గనుక దానికి వేఱు చోటు వెదకనక్కఱలేదు. దంత్య ౘకారము చకారపు మీటపై, ౙకారము జకారపు మీటపై. పైని నిలుచు చంద్రబిందువు సున్న మీటపై. దండము పూర్ణవిరామపు మీటపై, షిఫ్టు కలిపిన జంటదండములు. స్వరముల విషయమున కొంత యోచింపవలసి వచ్చెను. కుడి చూపుడువ్రేలి క్రింద హ, ర, స అనునవి మూడు వరుసలలో ఒకదాని క్రింద ఒకటి యున్నవి. తైత్తిరీయ లేఖనమున స్వరితమునకు పైగీత, అనుదాత్తమునకు క్రిందిగీత, ఉదాత్తమునకు గుర్తు లేదు. కావున పైనున్న హకారపు మీటపై స్వరితము, షిఫ్టుతో దీర్ఘస్వరితము. క్రిందనున్న సకారపు మీటపై అనుదాత్తము. నడిమి రేఫమును ఊరక విడిచితిని. బాల్యమున గురువుగారు శిరస్సును పట్టి పైకి క్రిందికి వంచి స్వరము నేర్పినది ఇచట వ్రేలికి వచ్చినది. పదమధ్యమున పొల్లు నిలువవలసినచోట రెండక్షరములు సంయుక్తము కాకుండ ఆపు అదృశ్యచిహ్నమొకటి కలదు, అది ఖాళీమీటపై.

మీటల జంటలను నొక్కి పనులు చేయించుటను షార్టుకట్టులని పిలుచుచున్నారు. కట్టు అను మాట తెలుగువలె వినబడుటచే గాబోలు, నాకు రుచించినది. ఇవి ఎన్ని కావలెనన్న అన్ని కట్టుకొనవచ్చును. ఓపెన్‌బాక్సు అను కిటికీల నిర్వాహకమున అదియు ఒక పాఠ్యఫైలే. కాని ఈ విషయమున నాకు మితమే హితముగా తోచినది. ముప్పది కట్టులు కట్టుకొని ఇరువదియేడు మఱచినవారిని చూచితిని. నేను ఉంచుకొన్నవి మూడు. తెలుగునుండి ఆంగ్లమునకు, తిరిగి తెలుగునకు మాఱుటకు క్యాప్సులాకు మీట. పెద్ద చిన్న అక్షరముల భేదమే లేని లిపికి ఆ మీట వేఱు ఏ పనికిని రాదు. విండోస్ గుర్తుగల మీటతో ప కలిపిన పదసూచిక తెఱచుకొనును. న కలిపిన నిఘంటువు. అంతియే. వృద్ధులకు ఒక మాట: రెండు మీటలను ఒకేసారి నొక్కుట కీళ్లనొప్పులవారికి కష్టము. స్టిక్కీ కీస్ అను ఏర్పాటును తెఱచుకొన్నచో షిఫ్టును ముందు నొక్కి విడిచి, తరువాత అక్షరమును నొక్కవచ్చును. ఈ సంగతి నాకు మొదటి సంవత్సరము ఎవరును చెప్పలేదు. మహాప్రాణములన్నియు నా ప్రాణము తీసినవి.

ఒక పొరపాటును కూడ చెప్పవలెను. నా ఫైలును మొదట యంత్రపు మూలఫైలులోనే కలిపితిని. ఆరు నెలలకు యంత్రమును నవీకరించగా నా పంక్తులన్నియు తుడిచివేయబడినవి. తప్పు నాదే, ప్రతి ఉంచుకొనలేదు. నాటినుండి ఆ ఫైలు పెన్‌డ్రైవులో ఒకటి, శిష్యుని యొద్ద ఒకటి, కాగితముపై అచ్చు వేసి పూజగదిలో ఒకటి యున్నవి.

ప్రతిపక్షమును విచారింతము. రోమను లిపిలో టైపు చేసిన తెలుగగు పద్ధతులుండగా ఇంత ప్రయాస ఎందుకని కొందఱు అందురు. 1990 దశకపు ఆదిలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణము ప్రవాసాంధ్రులకు చేసిన ఉపకారము సామాన్యము కాదు. సముద్రములకావల ఉన్నవారు తెలుగున ఉత్తరములు వ్రాసుకొన్నది దానితోనే. కెనడాలో నుండి తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులను చేసి ఇచ్చినది ఆ తరువాతి ఉపకారము. నేను కృతఘ్నుడను కాను. కాని సంస్కృతమును నిత్యము వ్రాయు విద్యార్థి, శకార షకారముల భేదమును ఎస్ అక్షరపు రూపభేదములుగా తలచుట మొదలిడిన, అతని మనసున స్థానభేదము చెదరును. తాలవ్యము, మూర్ధన్యము అని నోట నేర్పుచు, చేతికి మాత్రము ఎస్, హెచ్ అని నేర్పుట పరస్పరవిరుద్ధము. మాటాడిన వ్రాయు ఫోనులు వచ్చినవందురు. వచ్చినవి, లేఖలకు బాగున్నవి. ఒక ఘనపాఠమును వానికి వినిపించి చూడుడు.

దీనికంటె బలమైన ఆక్షేపణ వేఱొకటి కలదు. దానిని నాపై నేనే చేసికొంటిని. ప్రతి పండితుడును తన రుచినిబట్టి కూర్పును కట్టుకొన్నచో, ఇంటికొక శాఖ, శాఖకు ప్రాతిశాఖ్యము లేకపోవుట జరుగును. నా మీటలపై నా మిత్రుడు ఒక పంక్తి వ్రాయలేడు. అంతకంటె చెడ్డది, ఒకడు అనుస్వారము తరువాత స్వరచిహ్నమును, మఱియొకడు స్వరచిహ్నము తరువాత అనుస్వారమును టైపు చేసిన, కంటికి ఒకటే. యంత్రమునకు రెండు వేఱు పదములు. పాత ఫాంటుల అరాచకము క్రొత్త వేషమున తిరిగి వచ్చును. స్వాతంత్ర్యము గల యంత్రమున ఈ ప్రమాదము ఎక్కువ. కావున మార్పు చేయుట వ్యక్తిగతమైనను, నిర్ణయము సామూహికము కావలెనని నా నిశ్చయము. మీటల స్థానమున కొంత భేదమున్నను సహింపవచ్చును. వర్ణముల యూనికోడు సంఖ్యలందును, వాని పూర్వాపరక్రమమునందును భేదము పనికిరాదు.

కావున తెలంగాణ ఆంధ్రప్రదేశములలోని ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు ఒకచోట కూడి, సంస్కృతమును తెలుగులిపిలో వ్రాయుటకు చేర్చవలసిన వర్ణములు ఇవి, వాని క్రమమిది యని నిర్ణయించి, ఒక చిన్న ఫైలుగా పంచవలెను. రెండు దినముల పని. పరిశోధన పత్రికలు పాత ఫాంటులలోని వ్యాసములను ఒక గడువు తరువాత స్వీకరింపరాదు. ఇది కఠినమని తోచినను తప్పదు. విద్యార్థులకు వారమునకు ఒక గంట ఇన్‌స్క్రిప్టును శిక్షాశాస్త్రముతో కలిపి చెప్పవలెను. వర్గక్రమము వచ్చినవానికి సగము ముందే వచ్చినట్లు. కొలువుల పరీక్షలలో మన విద్యార్థి కంప్యూటరు ఎదుట చిన్నబోవుట నేను కన్నులార చూచితిని. ఏ విద్యలో అతడు తక్కినవారికంటె ముందుండదగునో ఆ విద్యలోనే వెనుకబడుట విచారకరము.

మా ప్రాంతమును గూర్చి ఒక్కమాట. గద్వాల సంస్థానము విద్వద్గద్వాల యని పేరుగన్నది. ఇచట సన్మానములు పొందిన పండితుల కృతులలో అచ్చయినవి కొన్ని, కానివి ఎన్నో. ఇటిక్యాలపాడు స్వగ్రామముగాగల సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పి, తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో 350 మందికి పైగా కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ కవులు అంతకు ముందును ఉన్నవారే. లోకమునకు కనబడునట్టి అక్షరములలో లేకపోవుటయే లోపము. ఇపుడు మన ఇండ్ల అటకలపై నున్న కాగితపు మాతృకలను ఎవరు ఎత్తి వ్రాయుదురు? వేతనమునకు టైపు చేయువాడు జిహ్వామూలీయమును చూచి అచ్చుతప్పు అనుకొనును. లిపి నెఱిగిన మనము డెబ్బదులలో నున్నాము. మీటల నెఱిగిన పిల్లలు ఆ లిపిని చదువలేరు. ఈ రెండు తరములును ఒక బల్లయెదుట కూర్చుండుటకు ఇంకను కొన్ని సంవత్సరములే కలవు.

నా పదసూచికలో తకారము వఱకు టైపు పూర్తియైనది. కూర్పు ఫైలును కోరినవారికి ఇచ్చుటకు సిద్ధముగా నున్నాను. మార్చువారు ఏమి మార్చిరో తెలిపిన చాలును. కుడి ఆల్టుతో వచ్చు స్థానములలో కకారపు మీటను, పకారపు మీటను ఖాళీగా విడిచితిని. జిహ్వామూలీయోపధ్మానీయములకు అవియే తగినవని నాకు తోచుచున్నది. అయితే సామవేదులకు అక్షరముపై నిలుచు అంకెలు కావలెను. యూనికోడున 2009 నుండి అవి దేవనాగరితో కూడ చేర్చబడి యున్నవి. వానిని తెలుగక్షరములపై సరిగా నిలుపు ఫాంటు నా యంత్రమున లేదు. అంకెల వరుసను వారికి విడువవలెనా, వేఱొక చోటు చూపవలెనా యను విషయమున సామశాఖాధ్యాయులైన విద్వాంసులు ఈ పత్రికాముఖముననే తమ అభిప్రాయమును తెలుపగోరుచున్నాను.